కారు సబ్‌వూఫర్‌కి పెద్ద యాంప్: 45 వేలు పెట్టొచ్చా?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. గుంటూరులో ప్రైవేటు ఉద్యోగం. చేతికి 46,000 వస్తుంది. ఇంటి ఖర్చు 24,000, కారు ఈఎంఐ 9,400, చీటీకి 5,000 పోతాయి. బ్యాంకులో 55,000 ఉన్నాయి. కారు డిక్కీలో 12 అంగుళాల సబ్‌వూఫర్ (బేస్ కోసం పెట్టే పెద్ద స్పీకర్) ఉంది. ఆర్ఎంఎస్ (నిలకడగా నడిచే పవర్) 500 వాట్స్, 4 ఓమ్స్ (కరెంటుకి అడ్డు కొలిచే లెక్క) కాయిల్స్ రెండు. యాంప్ 4 ఓమ్స్ మీద 250, 2 ఓమ్స్ మీద 400 వాట్స్ ఇస్తుంది. ఫిట్ చేసినతను అదే సేఫ్ అని కాయిల్స్‌ని సిరీస్‌లో (ఒకదాని తర్వాత ఒకటిగా) కలిపాడు. అప్పట్లో అన్నీ కలిపి 28,000 అయింది. బేస్ చాలట్లేదు. 1,200 వాట్స్ ఆర్ఎంఎస్ యాంప్ వేస్తే వైరింగుతో 45,000 అంటున్నారు. కార్డు మీద 12 నెలల నో-కాస్ట్ ఈఎంఐ పెట్టనా, లక్ష రూపాయల చీటీ పాడేయనా? పాట ఇప్పుడు 18 వేల దాకా పోతోంది.

జవాబు: ప్రస్తుతానికి రెండూ వద్దండీ. మీ ఉత్తరంలో జీతం లెక్క చూడకముందే ‘సిరీస్’ అన్న మాట దగ్గర నా కన్ను ఆగింది.

4 ఓమ్స్ కాయిల్స్ రెండింటిని సిరీస్‌లో కలిపితే 8 ఓమ్స్ అవుతుంది. 4 మీద 250 ఇచ్చే యాంప్ 8 మీద దాదాపు సగం, అంటే 125 వాట్స్ దగ్గరే ఆగిపోతుంది. అవే కాయిల్స్‌ని ప్యారలల్‌లో (పక్కపక్కన) కలిపితే 2 ఓమ్స్. దానికి మీ యాంప్ 400 ఇస్తుందని మీరే రాశారు. అంటే మీరు డబ్బు పోసి కొన్న వాట్స్‌లో మూడింట రెండొంతులు డిక్కీలో ఊరికే పడున్నాయి.

ఇది చెవికి ఎంత తేడా? వాట్స్ రెట్టింపైతే సౌండ్ పెరిగేది 3 డెసిబెల్సే. రెట్టింపు సౌండ్ వచ్చినట్టు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ కావాలి, దానికి పది రెట్ల వాట్స్ కావాలి. 125 నుంచి 400కి వెళ్తే దగ్గర దగ్గర 5 డెసిబెల్స్ పెరుగుతాయి. 400 నుంచి 1,200కి వెళ్లినా పెరిగేది ఆ 5 లోపే. మొదటిది అరగంట పని, రెండోది 45 వేలు.

ముందు మల్టీమీటర్ ఉన్న ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. యాంప్ దగ్గర సబ్ వైర్లు విప్పి ఓమ్స్ చూడమనండి. 7 దగ్గర చూపిస్తే సిరీస్, 2 లోపు చూపిస్తే ప్యారలల్. (మీటర్ ఎప్పుడూ రాసినదానికన్నా కాస్త తక్కువే చూపిస్తుంది, కంగారు పడొద్దు.) యాంప్ పుస్తకంలో 2 ఓమ్స్ నడుస్తుందని ఉందో లేదో ఒకసారి చూసుకుని కాయిల్స్ మార్పించండి. తర్వాత గెయిన్ (లోపలికొచ్చే సిగ్నల్‌కి సరిపెట్టడానికి యాంప్ మీద ఉండే మర) తగ్గించి మళ్లీ సెట్ చేయించండి. చాలామంది దాన్ని వాల్యూమ్ అనుకుని చివరిదాకా తిప్పేస్తారు, అక్కడే కాయిల్ కాలుతుంది.

ఇక 1,200 వాట్స్ సంగతి. ఖర్చు 45 వేల దగ్గర ఆగదు. మీ సబ్ తట్టుకునేది 500, కాబట్టి కొత్త సబ్, కొత్త బాక్స్. కరెంటు తక్కువ వృథా చేసే క్లాస్ డీ రకం యాంప్ నుంచైనా 1,200 బయటికి రావాలంటే బ్యాటరీ వైపు నుంచి దాదాపు 110 ఆంపియర్లు లాగాలి. పాట నడుస్తున్నంతసేపూ అంత లాగదు, దరువు పడ్డప్పుడే. కానీ చిన్న కార్ల ఆల్టర్నేటర్ (ఇంజన్ తిరిగేటప్పుడు కరెంటు పుట్టించేది) మొత్తం సత్తానే మామూలుగా 70, 90 ఆంపియర్ల మధ్య ఉంటుంది. హెడ్‌లైట్లకి, ఏసీకి అందులోనే పంచాలి. మీ పాత యాంప్ 400 ఇచ్చేటప్పుడు లాగేది 36 ఆంపియర్లే, ఇబ్బంది లేదు.

నేనూ ఈ మోజులో పడ్డవాణ్నే. నా మొదటి కారుకి ఓ షాపులో పెద్ద యాంప్ వేయించాను. రాత్రిళ్లు దరువు పడినప్పుడల్లా హెడ్‌లైట్లు తబలాలాగా కొట్టుకునేవి. ఏడు నెలలకి బ్యాటరీ పోయింది. కొత్తది వేస్తూ మెకానిక్ చూపించాడు: బ్యాటరీ నుంచి డిక్కీ దాకా వేసిన వైరు రాగి పూత పూసిన అల్యూమినియం, బ్యాటరీ దగ్గర ఫ్యూజే లేదు. డోరు అంచు దగ్గర పైతొడుగు ఒరుసుకుపోయి లోపల మెరుస్తోంది. బాడీకి తగిలుంటే ఆ రోజే కారు అంటుకునేది. అందుకే మీ వైరింగ్ కూడా ఒకసారి చూపించండి. ఫ్యూజు బ్యాటరీకి జానెడు, రెండు జానల లోపే ఉండాలి.

డబ్బు దగ్గరికొస్తే, చీటీ పాడటం అన్నిటికన్నా ఖరీదైన దారి. 45 వేల సామాను కోసం 18 వేలు వదులుకుని 82 వేలు తెచ్చుకుంటారు, మిగతా 37 వేలు ఎటుపోతాయో మీకూ నాకూ తెలుసు. నో-కాస్ట్ ఈఎంఐలో నెలకి 3,750 కట్టాలి. బ్యాంకు వడ్డీ 16 శాతం అనుకుంటే, ఆ వడ్డీని షాపు డిస్కౌంట్ రూపంలో సర్దినా, దాని మీద 18 శాతం జీఎస్టీ మీ నెత్తినే, ఏడాదికి సుమారు 660. ప్రాసెసింగ్ ఫీజు వేరే. క్యాష్ ఇస్తానంటే తగ్గే ధర కూడా తగ్గదు. ఇంకా అసలు సంగతి, మీ ఖర్చులన్నీ పోను మిగిలేది 7,600. అందులో సగం డిక్కీకి పోతుంది.

మీ ఇల్లు, ఈఎంఐ, చీటీ కలిపి నెలకి 38,400. ఉద్యోగంలో తేడా వస్తే ఆ 55 వేలు నెలన్నర కూడా రావు. మూడు నెలలకైనా, అంటే 1,15,000 చేతిలో ఉండాలి. నెలకి 5,000 ఆర్‌డీ కట్టండి, ఏడాదికి అక్కడికి చేరతారు. ఇంకో 2,000 సౌండ్ కోసమే విడిగా వేయండి. ఆ ఖాతాకి మీరు ఏ పేరు పెట్టుకున్నా నేను నవ్వను. ఏడాదికి 24,000. కాయిల్స్ మార్చాక కూడా బేస్ చాలకపోతే, ఆ డబ్బులో మీ సబ్‌కి సరిపడా 500-600 ఆర్ఎంఎస్ మోనోబ్లాక్ (సబ్ ఒక్కదానికే వాడే యాంప్) క్యాష్‌కే కొనుక్కోండి. 1,200 జోలికి పోవద్దు.

ఇన్సూరెన్స్ గురించి మీరు అడగలేదు గానీ చెప్తున్నాను. బయట బిగించిన యాంప్, సబ్ మీ కారు పాలసీలో వాటంతటవే రావు. రిన్యువల్ అప్పుడు విడిగా చూపించాలి. సాధారణంగా వాటి విలువ మీద 4 శాతం ప్రీమియం, మీ 28 వేలకి 1,120 రూపాయలు. దానికి బిల్లు అడుగుతారు. ఫిట్ చేసినతను అప్పట్లో బిల్లు ఇవ్వకపోయుంటే, వైరింగ్ చూపించడానికి ఎలాగూ వెళ్తారు కాబట్టి అప్పుడే అడిగి తీసుకోండి.