మనసులు కలవకపోయినా బేరం కుదురుతుంది

వాతావరణ మార్పునే ఒక పార్టీ సరిగా ఒప్పుకోనప్పుడు అమెరికాలో ఇంధన విధానం మీద రెండు పార్టీలూ ఎలా కలుస్తాయని అడిగారు. కలిసిన సందర్భాలు ఉన్నాయి. కాకపోతే ఒకరినొకరు ఒప్పించుకుని కాదు. టెక్సాస్‌లో కరెంటు లైన్ల డిజైన్ పనిలో పదిహేనేళ్లుగా ఉన్నాను, నేను చూసింది చెబుతాను.

పశ్చిమ టెక్సాస్ గాలిమరల కరెంటును డాలస్, ఆస్టిన్ వైపు తేవడానికి సుమారు 5,800 కిలోమీటర్ల లైన్లు వేశారు, 2014 మొదట్లో పూర్తయ్యాయి. అప్పటికి నేను ఉద్యోగంలో కొత్త. ఒక ఊళ్లో స్కూలు హాల్లో భూమి ఉన్నవాళ్లతో మీటింగంటే, కర్బన ఉద్గారాల మీద నాలుగు స్లైడ్లు చేసుకెళ్లాను. మా మేనేజరు చూసి నాలుగూ తీసేయించాడు. "వాళ్ల ఓటు మార్చడానికి వెళ్తున్నామా, లైను వెయ్యడానికా?" అన్నాడు. నాకు చిన్నతనంగా అనిపించింది. మీటింగులో ఒక్కరూ వాతావరణం ఊసెత్తలేదు. టవరు ఎక్కడ పడుతుంది, గేటు తెరిచి వదిలేస్తే పశువులకు ఎవరు పూచీ, ఇవే ప్రశ్నలు. పక్కా రిపబ్లికన్ అయిన ఒక పెద్దాయన మాత్రం, 2011 కరువులో మందలో సగం అమ్ముకున్నా గాలిమరల అద్దె ఆగలేదని చెప్పాడు. ఆయనకు అది పర్యావరణం కాదు, రాబడి.

వాషింగ్టన్‌లో జరిగేదీ దాదాపు ఇదే. 1975 నుంచి ముడిచమురు ఎగుమతుల మీద ఉన్న నిషేధం తీసెయ్యాలని రిపబ్లికన్ల పట్టు, గాలి, సౌర విద్యుత్తుకు పన్ను రాయితీలు పొడిగించాలని డెమోక్రాట్ల పట్టు. 2015 డిసెంబరులో రెండూ ఒకే ఖర్చుల బిల్లులో పెట్టారు, ఒబామా సంతకం చేశారు. ఆ బేరంలో భూమికి లాభమా నష్టమా అని మా ఫ్రెండ్స్‌లో ఇప్పటికీ వాదన నడుస్తూనే ఉంటుంది. అణువిద్యుత్ దగ్గర ఇంత బేరం కూడా అక్కర్లేదు. ఒకరికది స్వచ్ఛ ఇంధనం, ఇంకొకరికి దేశబలం. 2024లో అణు రియాక్టర్ల అనుమతులను వేగం చేసే బిల్లు సెనేట్‌లో 88-2తో నెగ్గింది.

ఇప్పుడు నలుగుతున్నది అనుమతుల సంస్కరణ, అంటే ఇలాంటి నిర్మాణాలకు అనుమతులు త్వరగా వచ్చేలా చెయ్యడం: రిపబ్లికన్లకు పైపులైన్లు కావాలి, డెమోక్రాట్లకు కరెంటు లైన్లు. డెమోక్రాట్ల వైపున్న స్వతంత్ర సెనేటరు మాన్చిన్, రిపబ్లికన్ సెనేటరు బరాసో కలిసి తెచ్చిన బిల్లు 2024లో సెనేట్ కమిటీలో 15-4తో గట్టెక్కింది కానీ చట్టం కాలేదు. నా పని అదే కాబట్టి పక్షపాతం అనుకోండి, ముందు తేలాల్సింది ఇదే.

ఒకే పార్టీ ఒంటిచేత్తో చేసిందాని గతి కూడా చూశాను. డెమోక్రాట్లు తెచ్చిన 2022 స్వచ్ఛ ఇంధన రాయితీల చట్టం సెనేట్‌లో ఉపాధ్యక్షురాలి ఓటుతో 51-50గా బయటపడింది. ఇంటి సోలార్‌కు 30 శాతం రాయితీ 2032 దాకా ఉందిగా, మెల్లగా చూద్దాంలే అనుకున్నాను. 2025 జూలైలో అవతలి పక్షం, అదీ ఒంటిచేత్తోనే, ఆ ఏడాది చివరికల్లా దాన్ని ముగించేసింది. నిజానికి ఆ రాయితీ పుట్టింది 2005లో బుష్ సంతకం చేసిన చట్టంతో, సెనేటరుగా ఒబామా దానికి అనుకూలంగా ఓటేశారు. రెండు పార్టీలూ కలిసి పుట్టించిందీ శాశ్వతం కాదన్నమాట, కాకపోతే ఇరవై ఏళ్లు నడిచింది. నవంబరులో పరుగెత్తుకెళ్తే సోలార్ పెట్టేవాళ్లు ఫిబ్రవరికి తేదీ ఇచ్చారు. వద్దని చెప్పి వచ్చేశాను.