అసెంబ్లీ చూపించాలనుకుంటున్న టీచరమ్మకు

బిడ్డా,

నువ్వు వాట్సాప్‌లో పంపిన ప్రోగ్రాం చదివాను. మన మహబూబ్‌నగర్ తొమ్మిదో తరగతి పిల్లలకు హైదరాబాద్‌లో అసెంబ్లీ, హైకోర్టు, రాష్ట్రపతి నిలయం చూపించాలన్న ఆలోచన నాకు ఎంతో నచ్చింది. జూపార్కు తిప్పి తీసుకొచ్చే బళ్లు చాలా ఉన్నాయి. పౌరశాస్త్రం పాఠంలో చదివిన సభను కళ్లారా చూపించాలనుకునే టీచర్లు తక్కువ. కానీ ఒక్క రోజులో ఏడు చోట్లు రాశావు. అందులో సగానికి పైగా కొట్టేయాలి. ఏవి కొట్టేయాలో, ఎందుకో చెప్తాను.

ముందు తేదీ సంగతి. బడికి సెలవు కదా అని రెండో శనివారం అనుకున్నావు. ఆ రోజు హైకోర్టు నడవదు, ఆఫీసులు తెరవరు. అంత దూరం పోయి తాళాలు చూసి రావాలి. ఇలాంటి ప్రయాణం పని దినాన్నే పెట్టుకోవాలి. రాష్ట్రపతి నిలయానికి సోమవారం సెలవు. పబ్లిక్ గార్డెన్స్‌లో ఉన్న స్టేట్ మ్యూజియానికీ, సాలార్‌జంగ్ మ్యూజియానికీ శుక్రవారం సెలవు. ఇవి తీసేస్తే నీకు మిగిలేవి మంగళ, బుధ, గురువారాలే. హైకోర్టుకు దసరా, సంక్రాంతి, వేసవి సెలవులు విడిగా ఉంటాయి, వాళ్ల క్యాలెండర్ ముందే చూసుకో. డిసెంబర్‌లో రాష్ట్రపతి బొల్లారం విడిదికి వస్తే ఆ రోజుల్లో నిలయంలోకి సందర్శకులను రానివ్వరు. తేదీ మనం అనుకుని వాళ్లకు చెప్పడం కాదు, వాళ్ల వీలు తెలుసుకుని మన తేదీ పెట్టుకోవాలి. బస్సు అడ్వాన్సు ఆ తర్వాతే ఇవ్వు.

ఈ ప్రయాణానికి అసలైన చోటు అసెంబ్లీ. సభ జరుగుతున్నప్పుడు తీసుకెళ్లగలిగితే మిగతావన్నీ వదులుకున్నా నష్టం లేదు. సందర్శకుల గ్యాలరీ పాసుల కోసం మీ ఎమ్మెల్యే గారి క్యాంపు ఆఫీసుకు హెచ్‌ఎం గారితో కలిసి నువ్వే స్వయంగా వెళ్లు, ఫోన్ మీద వదిలేయకు. బడ్జెట్ సమావేశాలు మామూలుగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో వస్తాయి. పదో తరగతి వాళ్లకు అప్పుడు పరీక్షల టెన్షన్, తొమ్మిదో తరగతికి ఆ ఇబ్బంది లేదు. తేదీలు చాలా ముందుగా తెలియవు కాబట్టి కాగితాలన్నీ సిద్ధం చేసి పెట్టుకుని, ప్రకటన రాగానే కదలాలి. సభ లేని రోజుల్లో హాలు చూడాలంటే శాసనసభ కార్యదర్శి పేరున అర్జీ పెట్టుకోవాలి, అనుమతి ఇస్తేనే బయలుదేరాలి.

ఇక ఆ అర్జీ. ఒక పేజీ దాటకూడదు. బడి పేరు, మండలం, తరగతి, మగపిల్లలు ఎందరు, ఆడపిల్లలు ఎందరు, వెంట వచ్చే టీచర్ల పేర్లు, ఫోన్ నంబర్లు, కావలసిన తేదీ, అది కుదరకపోతే ఇంకో రెండు తేదీలు. హెచ్‌ఎం గారి సంతకం, బడి ముద్ర. పిల్లల పేర్ల జాబితా విడిగా జతచేయి. అర్జీని ఇన్‌వార్డులో ఇచ్చి, నీ దగ్గరున్న కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకో. ఈ ముద్ర సంగతి ఊరికే చెప్పడం లేదు. ఒక ఆఫీసులో మా బడి అర్జీ అసలు అందనే లేదన్నారు. ముద్ర ఉన్న కాపీ చూపించాకే బీరువాలోంచి బయటికి తీశారు. డీఈవో గారి అనుమతి, తల్లిదండ్రుల సమ్మతి పత్రాలు ఎటూ ఉండాలి. అన్నిటికీ మూడేసి జిరాక్సులు తీయించి ఒక ఫైలు నీ దగ్గర, ఒకటి రెండో టీచర్ దగ్గర ఉంచు. జాబితాలో లేని పిల్లవాణ్ణి చివరి నిమిషంలో ఎక్కించుకోకు. గేటు దగ్గర లెక్క కలవకపోతే మొత్తం క్లాసు ఆగిపోతుంది.

గేటు దగ్గర ఇంకో చిన్న విషయం. పిల్లలు బ్యాగుల్లో కంపాస్ బాక్సులు తెస్తారు. అందులో వృత్తలేఖిని, విభాగిని సూదిమొనలతో ఉంటాయి. స్కానర్‌లో ఒక్కొక్కటీ కనపడుతుంది, ఒక్కో బ్యాగు పక్కకు తీస్తారు, విప్పిస్తారు, వెనక లైను ఎండలో నిలబడుతుంది. అందుకని బ్యాగులన్నీ బస్సులోనే ఉండాలి. ఒక్కొక్కరి చేతిలో బడి ఐడీ కార్డు తప్ప ఏమీ వద్దు. ఫోన్లు లోపలికి రావు, టీచర్లవి కూడా, కాబట్టి ఫొటోల మీద ఆశ పెట్టుకోవద్దని ముందే చెప్పు. గ్యాలరీలో మాట్లాడకూడదు, చప్పట్లు కొట్టకూడదు, లేచి నిలబడకూడదు. బడిలోనే ఒక పూట కుర్చీలు వేసి ఇది అలవాటు చేయించు. లైనులోకి వెళ్లే ముందే మూత్రశాలకు పంపించు. ముఖ్యంగా ఆడపిల్లలు సిగ్గుపడి అడగరు, నువ్వే అడగాలి.

లోపల ఏం చూడాలో తెలియకపోతే పిల్లలకు అది పెద్ద గది మాత్రమే. స్పీకర్ కుర్చీకి కుడివైపు అధికార పక్షం, ఎడమవైపు ప్రతిపక్షం అని బోర్డు మీద బొమ్మ గీసి చూపించు. మొత్తం 119 స్థానాలు, అందులో ఉమ్మడి పాలమూరు, అంటే పాత మహబూబ్‌నగర్ జిల్లావి 14. మన ఎమ్మెల్యే ఎక్కడ కూర్చున్నారో వెతకమను. సభ గొడవతో వాయిదా పడితే ఖాళీ కుర్చీలే చూడాల్సి రావచ్చు. దాన్ని దాచిపెట్టకు. ఎందుకు ఆగింది, ఎవరు ఏం అడిగారు అని బస్సులో మాట్లాడించు. ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకని పాఠం అది.

ప్రయాణంలోనే చెప్పదగినవి కొన్ని ఉన్నాయి. బస్సు షాద్‌నగర్ దాటుతున్నప్పుడు బూర్గుల రామకృష్ణారావు గారి పేరు చెప్పు. 1952 ఎన్నికల్లో ఆ షాద్‌నగర్ నుంచే గెలిచి హైదరాబాద్ రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యారు. అదే ఎన్నికల్లో వనపర్తి నుంచి గోలకొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి గారు గెలిచారు. ఇక అసెంబ్లీ ఆవరణలోని ఆ తెల్లటి పాత భవనం. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ నలభయ్యో పుట్టినరోజు గుర్తుగా ప్రజల విరాళాలతో కట్టిన టౌన్‌హాల్ అది. 1905లో మొదలై 1913లో పూర్తయింది. ఆయన 1911లోనే పోయారు, పూర్తయిన భవనం చూడలేదు. మన మహబూబ్‌నగర్‌కు 1890లో పెట్టిన పేరు కూడా ఆయనదే. మన జిల్లా పేరూ ఆ భవనమూ ఒకే మనిషి పేరుతో ముడిపడ్డాయని తెలిస్తే పిల్లల చూపు మారుతుంది.

అసెంబ్లీ అయ్యాక పక్కనే పబ్లిక్ గార్డెన్స్. సద్ది అక్కడ విప్పించు. పులిహోర, పెరుగన్నం చాలు, హోటళ్ల జోలికి పోవద్దు. తిన్నాక కాగితాలు మన పిల్లలే ఏరాలి. ఆ తర్వాత స్టేట్ మ్యూజియం. ఈజిప్టు మమ్మీ దగ్గర అందరూ గుమిగూడతారు, పదిమంది చొప్పున పంపు.

హైకోర్టు బయటి నుంచి చూపిస్తే సరిపోతుంది. మూసీ ఒడ్డున ఎర్రరాయి, గులాబీ రంగు గ్రానైటుతో కట్టిన ఆ భవనం 1920లో ప్రారంభమైంది. 1908 సెప్టెంబర్ వరదలో మూసీ ఎంత నాశనం చేసిందో చెప్పి చూపిస్తే నయాపూల్ మీద నిలబడినంతసేపూ చాలు. విచారణ ఎలా జరుగుతుందో చూపించాలంటే మన జిల్లా కోర్టే మేలు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు ఒక లేఖ రాయి. వాళ్లు బళ్లలో చట్టాల మీద అవగాహన కార్యక్రమాలు చేస్తూనే ఉంటారు, సాయం చేస్తారు. ఖర్చూ తక్కువ, పిల్లలకు మాటలూ అర్థమవుతాయి.

సచివాలయం రోజూ పనులు జరిగే ఆఫీసు, లోపలికి వెళ్లాలని పట్టుబట్టకు. 265 అడుగుల ఆ కట్టడాన్నీ, దగ్గరలోని 125 అడుగుల అంబేద్కర్ విగ్రహాన్నీ తిరుగు ప్రయాణంలో చూపించు.

రాష్ట్రపతి నిలయం మాత్రం ఈ రోజులో ఇమడదు. అది బొల్లారంలో, మనం వచ్చే దారికి నగరం అవతలి కొసన ఉంది. ఎండాకాలం రాకముందు ఇంకో రోజు పెట్టుకుని, శంషాబాద్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి శామీర్‌పేట దగ్గర దిగి వెళ్లు, ట్రాఫిక్ తప్పుతుంది. 1860లో కట్టిన ఒంటి అంతస్తు ఇల్లు, 90 ఎకరాల స్థలం. 2023 మార్చి నుంచి ఏడాది పొడవునా జనాన్ని రానిస్తున్నారు. టికెట్లు ఆన్‌లైన్‌లో ముందే తీసుకో. వంటింటి నుంచి భోజనాల గదికి వెళ్లే సొరంగం గోడల నిండా చేర్యాల బొమ్మలున్నాయి. అక్కడ పిల్లల్ని తొందరపెట్టకు.

బిడ్డా, నీ క్లాసులో వలస పోయినవాళ్ల పిల్లలు ఎందరో నాకు తెలుసు. వాళ్ల అమ్మానాన్నలు హైదరాబాద్‌లో అడ్డా మీద నిలబడి, ఎవరివో ఇళ్లు కట్టి బతుకుతున్నారు. మన దగ్గర జనం సర్కారు ఆఫీసుకు పోవడమంటే చేతిలో కాగితం పట్టుకుని, చెప్పులు గడప బయట విడిచి నిలబడటమే. ఈ పిల్లలు ఒక్కసారైనా పాసు చేతపట్టుకుని, తలెత్తుకుని, ముందు గేటు నుంచి లోపలికి నడవాలి. అందుకే డబ్బులు కట్టలేనివాళ్లను వదిలేసి పోవద్దని అంటున్నాను. మనిషికి ఇంత అని వసూలు చేసే ముందు, ఇవ్వలేనివాళ్లెవరో నువ్వొక్కదానివే తెలుసుకుని, క్లాసులో పేర్లు చదవకుండా ఏర్పాటు చేయి. పూర్వ విద్యార్థులను నేను అడుగుతాను.

ఆడపిల్లల్ని పంపడానికి కొన్ని ఇళ్లలో వెనకాడతారు. వాళ్లకు కబురు పంపితే సరిపోదు, సాయంత్రం పూట ఇంటికి వెళ్లి, ఎన్నింటికి బయలుదేరుతారు, ఎన్నింటికి తెచ్చి దింపుతారు, వెంట ఏ మేడం ఉంటుంది అన్నీ తల్లికి చెప్పు. అర్జీ చిత్తుప్రతి రాసి ఈ ఆదివారం లోపు నాకు పంపు, చూసి ఇస్తాను.

ఆశీస్సులతో,
మీ సోషల్ సార్