జూలో జంతువు బాగుందో లేదో చూసి తెలుసుకోగలమా?

పిల్లలను జూకు తీసుకెళ్లడానికి మనసొప్పడం లేదనీ, అక్కడి జంతువులు బాగున్నాయో లేవో మామూలు సందర్శకులు చూసి చెప్పగలరా అనీ మీరు అడిగారు. కొంత ఓపిక పడితే చాలావరకు చెప్పవచ్చు. నేను ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తాను. విద్యార్థులను జూకు తీసుకెళ్లినప్పుడు అన్నీ చుట్టి రానివ్వకుండా, రెండు మూడు జంతువుల ఎదుట చెరో అరగంట కూర్చోబెట్టి, నిమిషానికొకసారి అది ఏం చేస్తున్నదో పుస్తకంలో రాయిస్తాను. ఈ జవాబు ఆ అనుభవం నుంచి వచ్చినదే.

అందరూ మొదట చూసేది ఎన్‌క్లోజర్ (జంతువును ఉంచే ఆవరణ) ఎంత పెద్దది, ఎంత శుభ్రంగా ఉంది అన్నది. నేను మాత్రం ఆ జంతువుకు మన కంట పడకుండా ఉండే వీలు ఉన్నదా అని చూస్తాను. విశాఖలోని ఇందిరాగాంధీ జంతు ప్రదర్శనశాల కంబాలకొండ అడవిని ఆనుకొని ఉంది. అలాంటి చోట పొదల చాటున పడుకున్న జంతువు ఎంతసేపటికీ బయటికి రాకపోతే పిల్లలు నిరాశపడతారు, పెద్దలు టికెట్ డబ్బులు వృథా అంటారు. కానీ దాగడానికి చోటుండి, దాగాలనిపించినప్పుడు దాగగలిగిన జంతువు, నాలుగు వైపులా జనం మూగిన గుంతలో రోజంతా నిలబడవలసిన జంతువుకన్నా ఎంతో నయమైన స్థితిలో ఉన్నట్టు.

ఇక రెండోది నడక. ఒక జూలో (పేరు చెప్పను) ఎలుగుబంటి కంచె వెంబడి అటూ ఇటూ తిరిగిన మేర నేల గట్టిపడి, గడ్డి పరక కూడా లేకుండా సన్నని బాట ఏర్పడింది. బాట చివర ప్రతిసారీ ఒకే చోట తల పైకి విసిరి వెనక్కి తిరిగేది. మా పిల్లల పుస్తకాల్లో పేజీ పొడవునా ‘నడుస్తోంది’ అన్న ఒక్క మాటే ఉంది. ఇలాంటి అర్థం లేని పునరావృత చేష్టలు బందిఖానా ఒత్తిడికి గుర్తు. అడవిలో విశాలమైన పరిధిలో సంచరించే మాంసాహార జంతువుల్లో ఇవి ఎక్కువని 2003లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన అధ్యయనం తేల్చింది. అందులో ధ్రువపు ఎలుగుబంటి పరిస్థితి మరీ దయనీయం.

అయితే తొందరపడి తీర్పు చెప్పకూడదు. సాయంత్రం మేత వేళకు నైట్ హౌస్ (రాత్రిపూట జంతువును ఉంచే గది) తలుపు ముందు పులి పచార్లు చేస్తే అది ఆకలితో కూడిన ఎదురుచూపు కావచ్చు. గతంలో పడిన బాధ మిగిల్చిన అలవాటు కూడా కావచ్చు. సర్కసుల్లో సింహాలు, పులులు, ఎలుగుబంట్ల ప్రదర్శనను నిషేధిస్తూ కేంద్రం 1998లో ఇచ్చిన నోటిఫికేషన్‌ను 2001లో సుప్రీంకోర్టు సమర్థించిన తరువాత, అక్కడి జంతువులకు విశాఖ, తిరుపతి వంటి చోట్ల పునరావాస కేంద్రాల్లో ఆశ్రయం కల్పించారు. బోనుల్లో ఏళ్ల తరబడి పాతుకుపోయిన అలవాటు మెరుగైన చోటికి వచ్చినా చాలాకాలం వదలదు. అందుకే ఒకే జంతువును ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి చూడమంటాను.

నైట్ హౌస్ సంగతి సందర్శకులకు తట్టదు. పగలు మనం చూసే పచ్చిక మైదానం ఎంత పెద్దదైనా, గేట్లు మూసిన తరువాత తెల్లవారేదాకా చాలా జంతువులు గడిపేది ఆ చిన్న గదుల్లోనే. కీపర్లను మర్యాదగా అడిగితే దాని గురించి చెబుతారు. మేత నేరుగా పడేస్తారా, మొద్దు తొర్రల్లో తేనె, పండ్లు దాచి వెతుక్కోనిస్తారా అన్నదీ వాళ్లనే అడగండి. వేసవిలో కూలర్లు, పుచ్చకాయలు అవసరమే, కానీ ఏడాది పొడవునా జంతువుకు ఏదో ఒక పని ఉండడం అంతకన్నా అవసరం.

అక్వేరియంలకూ ఇదే వర్తిస్తుంది. డాల్ఫిన్ల విషయంలో మాత్రం నాకు సందేహమే లేదు. ప్రధానంగా శబ్దంతో లోకాన్ని తెలుసుకునే జీవిని కాంక్రీటు తొట్టిలో పెట్టడం తప్పు. డాల్ఫిన్ ప్రదర్శనశాలలకు అనుమతి ఇవ్వవద్దని 2013లో కేంద్రం రాష్ట్రాలకు చెప్పడం సరైన పని.

జూలన్నీ మూసేయాలని మాత్రం నేను అనను. హైదరాబాదు నెహ్రూ జూలో సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు, అటవీశాఖ కలిసి 2010లో మూషిక జింకల సంతానోత్పత్తి మొదలుపెట్టి, 2017లో కొన్నింటిని అమ్రాబాద్ అడవిలో వదిలారు. అడుగుల చప్పుడుకే బెదిరిపోయే ఆ చిన్న ప్రాణి సందర్శకుల రద్దీ మధ్య పెరగగలిగేది కాదు; ఇలాంటి పని కోసమైనా జూలు ఉండాలి.

కాబట్టి పిల్లలను తీసుకెళ్లండి. అద్దం తట్టడం, అరవడం, తినుబండారాలు విసరడం వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 38జె సెక్షన్ ప్రకారం నేరమని గేటు దగ్గరే చెప్పండి. పాముకు మనలా బయటి చెవులు లేకపోయినా అద్దం మీది ప్రతి దెబ్బా ఒంటికి తెలుస్తుందని చెబితే మా విద్యార్థులు తమంతట తామే ఇతరులను వారించేవారు. ఏదైనా జంతువు పరిస్థితి బాగా లేదనిపిస్తే సమయం, ఎన్‌క్లోజర్, చూసిన చేష్ట వివరంగా రాసి క్యూరేటర్‌కు (జూ నిర్వహణ చూసే అధికారికి) ఇవ్వండి. స్పందన రాకపోతే అదే కాగితాన్ని దేశంలోని జూలను పర్యవేక్షించే, ఢిల్లీలోని కేంద్ర జూ ప్రాధికార సంస్థకు పంపండి.