మెకాలే మీద రాస్తున్న అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన పన్నెండు పేజీలూ అందాయి. మొదటిసారి పడక కుర్చీలో చదివాను, రెండోసారి ఎర్ర పెన్సిలు పట్టుకుని చదివాను. మొదటి పేజీకి అడ్డంగా గీత గీశానని నొచ్చుకోకు. ఆ పేజీ ఒకప్పుడు నేనూ రాశాను.

1835 ఫిబ్రవరి 2న, మనకు ఇంగ్లీషు చదువు తెచ్చిపెట్టాడని చెప్పుకునే మెకాలే బ్రిటిష్ పార్లమెంటులో నిలబడి, భారతదేశం నలుమూలలా తిరిగానని, ఒక్క బిచ్చగాడు గానీ దొంగ గానీ కనబడలేదని, ఈ జాతి వెన్ను విరవాలంటే దాని చదువును మార్చాలని అన్నాడంటూ మొదలుపెట్టావు. ఈ మాటలు నీకు ఫోనులో వచ్చి ఉంటాయి. నాకు ఒక సభలో పంచిన కరపత్రంలో దొరికాయి. ఆవేశపడి వ్యాసంలోకి ఎక్కించాను. అచ్చయింది, భుజం తట్టినవాళ్లూ ఉన్నారు. కొన్నాళ్లకు ఒక పాఠకుడి నుంచి కార్డు వచ్చింది: ‘అయ్యా, ఆ తేదీన ఆయన కలకత్తాలో ఉద్యోగం చేస్తున్నాడు. లండన్‌లో ఎలా మాట్లాడాడు?’ అంతే, ఇంకో మాట లేదు. ఆ కార్డు ఇప్పటికీ నా నిఘంటువులోనే ఉంది.

ఆ పాఠకుడు అన్నది నిజమే. మెకాలే 1834 జూన్‌లో మద్రాసు రేవులో దిగాడు. గవర్నర్ జనరల్ బెంటింక్ అప్పుడు ఊటీలో ఉన్నాడు. మద్రాసు నుంచి అక్కడికి నాలుగు వందల మైళ్లు మనుషుల భుజాల మీదే ప్రయాణం చేశానని మెకాలే ఇంటికి రాసుకున్నాడు. ఆ తరువాత కలకత్తా చేరాడు. 1838లో ఇంటిదారి పట్టేదాకా పార్లమెంటు గడప తొక్కింది లేదు.

ఆ అబద్ధం తీసేస్తే వ్యాసం చప్పబడుతుందని నీ భయం కావచ్చు. అదే తేదీన ఆయన కలకత్తాలో నిజంగా రాసిన విద్యా నివేదిక చదువు. తనకు సంస్కృతం రాదు, అరబిక్ రాదు అని అందులో తనే ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, మంచి యూరప్ గ్రంథాలయంలోని ఒక్క అర మొత్తం భారత, అరబ్ సాహిత్యాలతో సమానమని, దీన్ని కాదన్న ప్రాచ్య పండితుడు తనకు ఒక్కడూ తగల్లేదని రాశాడు. ఇక్కడి వాడుక భాషలు బీదవి, మొరటువి అన్నాడు. అంతకు ఆరేళ్ల ముందే, 1829లో, ఈస్టిండియా కంపెనీ జీతం తింటున్న సి.పి. బ్రౌన్ మద్రాసులో వేమన పద్యాలు అచ్చువేయించాడు. ఇంత సరుకు చేతిలో ఉండగా కల్పన ఎందుకమ్మా?

రక్తంలో, రంగులో భారతీయులు, అభిరుచిలో, బుద్ధిలో ఇంగ్లీషువారు అయిన ఒక వర్గాన్ని తయారుచేయాలన్న ఆ నివేదికలోని వాక్యం దగ్గర నువ్వు ఆగిపోయావు. అందరూ అక్కడే ఆగుతారు. దాని తరువాతి వాక్యం చూశావా? ఆ తయారైన వర్గమే దేశభాషలకు నగిషీ పెట్టి, శాస్త్ర పదాలు చేర్చి, చదువును జనసామాన్యానికి అందిస్తుందని ఉంది. ఆ మాట వల్ల ఆయన మంచివాడైపోడు. కానీ ‘గుమాస్తాలను తయారుచేసే చదువు’ అని మనం తాతల నాటి నుంచి అంటున్నది ఆ కాగితంలో యథాతథంగా లేదని తెలుస్తుంది. ఉన్నది వేరు, ఒక విధంగా అంతకంటే గడుసైనది. దానితో తలపడు.

ఇక జీవితం సంగతి. నువ్వు నేరుగా కలకత్తాలో మొదలుపెట్టావు. దానివల్ల ఆయన మన నెత్తిన పడడానికే పుట్టినట్టు కనబడుతున్నాడు. 1800లో పుట్టాడు. తండ్రి జాకరీ మెకాలే బానిసత్వ నిర్మూలనకు జీవితం ధారపోసినవాడు. కొడుక్కి పాతికేళ్లు నిండకముందే, 1825లో, ఎడిన్‌బరో రివ్యూ పత్రికలో కవి మిల్టన్ మీద రాసిన వ్యాసంతో పేరొచ్చింది. 1830లో పార్లమెంటుకు వెళ్లాడు. ఎలా వెళ్లాడో చూడు: కాల్న్ అనే నియోజకవర్గం లాన్స్‌డౌన్ ప్రభువు చెప్పుచేతల్లో ఉండేది. ఆ ప్రభువు పిలిచి సీటు ఇచ్చాడు. ఇలాంటి జేబుసీట్లను తుడిచిపెట్టాలనే సంస్కరణ బిల్లుకు మద్దతుగా 1831 మార్చి 2న సభ దద్దరిల్లేలా మాట్లాడింది ఈయనే. నీ వ్యాసంలో ఈ సంగతి ఏడో పేజీలో ఒక పక్కవాక్యంగా పడి ఉంది. దాన్ని వ్యాసం మొదట్లో పెట్టాలి. మనిషి మొత్తం అందులో ఉన్నాడు.

1833లో బానిసత్వ బిల్లు వచ్చింది. విముక్తులైనవాళ్లు ఇంకా కొన్నేళ్లు పాత యజమానుల దగ్గరే పనిచేయాలనే నిబంధన అందులో ఉంది. తన సొంత ప్రభుత్వం తెచ్చినదే అయినా, పదవికి రాజీనామా ఇస్తానని చెప్పి మరీ వ్యతిరేకంగా మాట్లాడాడు. ఆ మరుసటి ఏడాదే ఇండియా ఉద్యోగానికి ఓడెక్కాడు. ఎందుకు? ఏడాదికి పది వేల పౌన్ల జీతం. సగంతో దర్జాగా బతకవచ్చు, మిగిలింది దాచుకుని తిరిగొచ్చి ఎవరికీ తలవంచకుండా రాజకీయం చేసుకోవచ్చు అని చెల్లెలు హన్నాకు లెక్క వేసి మరీ రాశాడు. మన ఊళ్ల నుంచి గల్ఫ్‌కో అమెరికాకో వెళ్లేవాళ్లు కాగితం మీద వేసుకునే లెక్కే ఇది. సామ్రాజ్యం పెద్ద మాటే కానీ, ఈ లెక్క రాయకుండా ఆయన కథ రాయలేవు.

భారత శిక్షాస్మృతి (ఐపీసీ) గురించి ఒక పేరా చాలు. 1837లో ముసాయిదా సిద్ధమైంది, లా కమిషన్‌లోని తోటి సభ్యులు జబ్బుపడడంతో భారం ఎక్కువగా ఆయనే మోశాడు. 1860లో చట్టమైంది. 2024 జూలై 1న కొత్త న్యాయ సంహిత వచ్చేదాకా నడిచింది. మోసగాణ్ణి మనం ఇప్పటికీ ‘ఫోర్‌ట్వంటీ’ అంటున్నాం. సెక్షన్ పోయింది, తిట్టు పోలేదు.

నువ్వు చివరి పేరాలో తప్ప ముట్టుకోనిది చరిత్రకారుణ్ణి. 1847లో ఎడిన్‌బరో ఎన్నికలో ఓడిపోయాడు. ఆ ఓటమి వల్ల తీరిక దొరికింది. 1848 చివర ఇంగ్లండు చరిత్ర మొదటి రెండు సంపుటాలు వచ్చాయి. మూడు వేల ప్రతులు పది రోజుల్లో అమ్ముడయ్యాయి. అమ్మాయిల బల్లల మీద కొద్దిరోజులైనా కొత్త నవలను పక్కకు నెట్టే పుస్తకం రాయాలని ఆయన కోరిక, దాన్ని సాధించాడు. తరువాతి రెండు సంపుటాలకు ప్రచురణకర్త 1856లో ఇరవై వేల పౌన్ల చెక్కు ఇచ్చాడు. (ఇదే మనిషి 1841లో, రచయితల హక్కును చనిపోయాక అరవై ఏళ్లకు పొడిగించే బిల్లును పార్లమెంటులో చిత్తు చేశాడు. అది పాఠకుల మీద వేసే పన్ను అన్నాడు. రాయల్టీ కోసం ఎదురుచూసే నీలాంటివాళ్లకు ఇది రుచించకపోవచ్చు.)

ఆయన పని తీరు చూడు. ఒక ఘట్టాన్ని ముందు గబగబా చిత్తుగా రాసిపారేసేవాడు. తరువాత రోజుకు ఆరు పుటల చొప్పున తిరగరాసేవాడు. అచ్చులో అవి రెండు పేజీలకు దిగేవి. ఐర్లండులోని లండన్‌డెర్రీ ముట్టడి రాయాలంటే ఆ ఊరు వెళ్లి కోటగోడల మీద నడిచాడు. నీ పన్నెండు పేజీలు ఒక్క రాత్రిలో రాసినట్టున్నాయి. వాటిని నాలుగుకు దించు.

అంత కష్టపడినవాడూ జారాడు. ఇంగ్లండులో రెండో జేమ్స్ రాజు మీద 1685లో జరిగిన తిరుగుబాటు తరువాత, టాంటన్ ఊరి బడిపిల్లల నుంచి రాణి చెలికత్తెల కోసం డబ్బు గుంజిన దళారి, యుద్ధం వద్దనే క్రైస్తవ శాఖ క్వేకర్ల నాయకుడు విలియం పెన్ అని రాశాడు. పాత కాగితంలో ఉన్నది ‘మిస్టర్ పెన్’ అనే పేరు మాత్రమే, అదీ చివర ఒక అక్షరం ఎక్కువగా. ఆ దళారి జార్జ్ పెన్ అనే వేరే మనిషని 1849లోనే డబ్ల్యు.ఇ. ఫార్‌స్టర్ అనే ఆయన వాదించాడు. క్వేకర్లు ఇంటికి వచ్చి మరీ చెప్పారు. దిద్దుకోలేదు. పెన్ రెండో జేమ్స్ రాజుకు దగ్గరివాడు, మెకాలే రాజు కంటే పార్లమెంటుదే పైచేయి అనే విగ్ పార్టీవాడు. ఆ రాజును గద్దె దించడమే విగ్గులకు గొప్ప పండుగ. పెన్ పేరు పార్టీ చెప్పుకునే కథలో సరిగ్గా ఇమిడింది, ఇక తీయబుద్ధి కాలేదు. నాకు కార్డు వచ్చిన రోజు నేనూ గంటసేపు నా వాక్యాన్నే సమర్థించుకున్నాను. అది నాకు నచ్చిన వాక్యం కదా.

తన కాలం దాకా రాయాలనుకున్న చరిత్ర 1702తోనే ఆగింది. 1859 డిసెంబరు 28న పోయాడు. అయిదో సంపుటాన్ని హన్నా అచ్చువేయించింది. ఈ పేరా నీ వ్యాసంలో బాగుంది, కదపకు.

ఏడో పేజీ ముందుకు తీసుకురా. విద్యా నివేదికను ఇతరులు ఉటంకించిన చోట కాకుండా పూర్తిగా చదువు, ఒక సాయంత్రం పని. ‘మెకాలే మానసపుత్రులు’ అన్న మాట తొమ్మిది సార్లు వచ్చింది, ఒక్కసారి ఉంచు. వచ్చే నెలలో రెండో ప్రతి పంపు. ఈసారి పేజీలకు అంకెలు వెయ్యి, గాలికి ఎగిరిపోతే నాలుగోదీ అయిదోదీ తారుమారు చేసి చదివాను.

నీ శ్రేయోభిలాషి