లీబిగ్ అయిదు బుడ్ల గాజు పరికరం ఎలా పనిచేసేది?

జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ అనగానే ఆవిరిని చల్లార్చి ద్రవంగా మార్చే గాజు గొట్టం, అంటే కండెన్సర్, గుర్తొస్తుంది గానీ అది ఆయన కనిపెట్టింది కాదు, ప్రచారంలోకి తెచ్చాడంతే. 1803లో డార్మ్‌స్టాట్‌లో పుట్టి, 21 ఏళ్లకే గీసెన్‌లో ప్రొఫెసరైన యూస్టస్ లీబిగ్ అసలు ఘనత 1831 నాటి అయిదు బుడ్ల పరికరం. పదార్థంలో కార్బన్, హైడ్రోజన్ ఎంతెంత ఉన్నాయో తేల్చడానికి దీన్ని వాడేవారు.

తూచిన పదార్థాన్ని, కాలడానికి ఆక్సిజన్ ఇచ్చే కాపర్ ఆక్సైడ్‌తో కలిపి గాజు గొట్టంలో ఎర్రగా కాలుస్తారు. వచ్చే నీటి ఆవిరిని ముందు కాల్షియం క్లోరైడ్ గొట్టం పీల్చుకుంటుంది. తర్వాత కింది మూడు బుడ్లలోని పొటాష్ (పొటాషియం హైడ్రాక్సైడ్) ద్రావణం గుండా వాయువు బుడగలుగా పోతూ కార్బన్ డయాక్సైడ్‌ను అందులో వదిలేస్తుంది. గొట్టం, బుడ్ల బరువు ఎంత పెరిగిందో తూస్తే నీరు, కార్బన్ డయాక్సైడ్ ఎంతెంతో తెలుస్తుంది. పైనున్న రెండు పెద్ద బుడ్లు ద్రావణం పొంగినా, వెనక్కి లాగినా బయటికి పోకుండా ఆపుతాయి. వరస మారితే నీరు కూడా పొటాష్‌లోనే చిక్కి లెక్క చెడుతుంది.

0.342 గ్రాముల చక్కెర కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ 0.528, నీరు 0.198 గ్రాములు రావాలి. మొదటిదాన్ని 12/44తో, రెండోదాన్ని 2/18తో గుణించి, చక్కెర బరువుతో భాగిస్తే కార్బన్ 42.1%, హైడ్రోజన్ 6.4%. మిగతాది ఆక్సిజన్.

కాపర్ ఆక్సైడ్ గాలిలో తేమ పీల్చుకుంటుంది. వేడిగా ఉండగానే వాడకపోతే హైడ్రోజన్ ఎక్కువ చూపిస్తుంది. మంట తొందరపెడితే బుడగలు పొటాష్‌కి అందకుండా పరుగెడతాయి, కార్బన్ తగ్గుతుంది. నైట్రోజన్ ఉన్న పదార్థమైతే గొట్టం మూతి దగ్గర రాగి తురుము పెట్టాలి. లేకపోతే నైట్రోజన్ ఆక్సైడ్లూ పొటాష్‌లో చేరి బరువు పెంచుతాయి.

అమెరికన్ కెమికల్ సొసైటీ చిహ్నంలో ఈ బుడ్లు ఇప్పటికీ కనిపిస్తాయి.