డాలస్‌లో ఇల్లు కొన్నారా? లాన్ మనిషిని పిలిచే ముందు మీ గడ్డి పేరు తెలుసుకోండి

పోయిన నెల నేను తిరుపతిలో ఉన్నప్పుడు, మా భవాని నగర్ ఇంటికి ఒక జంట వచ్చినారు. డాలస్ పక్కన కొత్తగా ఇల్లు కొన్నారు, సెలవుకి అమ్మానాన్నల్ని చూడ్డానికి వచ్చినారు. కాఫీ తాగతా ఉన్నంతసేపూ ఆ అబ్బాయి అడిగింది ఒకటే, "అన్నా, హెచ్ఓఏ వాళ్ళు, అంటే కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం వాళ్ళు, అప్పుడే గడ్డి గురించి లెటర్ పంపినారు, లాన్‌కి ఎవర్ని పెట్టుకోవాల?" అని. ఏడాదికి ఇద్దరు ముగ్గురు చిత్తూరు, మదనపల్లి, తిరుపతి పిల్లలు నన్ను ఇదే అడుగుతా ఉంటారు, అందుకని వాళ్ళకి చెప్పిందంతా ఇక్కడ రాస్తా ఉన్నా. ఇది డాలస్ చుట్టుపక్కల వాళ్ళకి మాత్రమే, న్యూజెర్సీ, షికాగో వైపు గడ్డే వేరే, బ్లూగ్రాస్, ఫెస్క్యూ లాంటి చలి గడ్డి, వాళ్ళ నెలలూ లెక్కలూ వేరే.

మనిషి కంటే ముందు గడ్డి. డాలస్ వైపు ఎక్కువగా కనిపించేది బెర్ముడా, చెట్ల నీడలో సెయింట్ ఆగస్టీన్. బెర్ముడా అంటే ఏందో నాకు మా నాయన చెప్పినాడు. ఆయన మొదటిసారి డాలస్ వచ్చినప్పుడు చెప్పులు విడిచి లాన్ మీద నిలబడి, ఒక తీగ లాగి, గణుపు గణుపుకీ వేరు పట్టి ఉండేది వేలితో తడిమి చూసి, "ఇది గరికే కదరా, చెనిక్కాయ చేన్లో దీన్ని పీకించడానికి ఎంతమంది కూలీల్ని పెట్టినాం" అన్నాడు. నిజమే, అది గరిక జాతే. ఎండ కావాల, తొక్కినా చావదు, పొట్టిగా 1 నుంచి 2 అంగుళాలు కోసినా తట్టుకుంటుంది. సెయింట్ ఆగస్టీన్ ఆకు వెడల్పు, తీగ లావు, దాన్ని 3 అంగుళాల దాకా ఉంచాల. ఒకే మిషన్‌తో ఒకే ఎత్తులో రెండూ కోసేస్తే రెండోది ఎండకి మాడిపోతుంది.

ఇది తెలీకుండా మనిషిని పెట్టుకుంటే ఏమవుతుందో నేను మొదటి ఇంట్లో చూసినా. జులై ఎండల్లో ఒకతను తలుపు తట్టి కలుపు మందు కొడతా అన్నాడు, రేటు తక్కువ, సరే అన్నా. ముందర బెర్ముడాకి కొట్టిన మందే వెనక నీడలో ఉండే సెయింట్ ఆగస్టీన్‌కీ కొట్టినాడు. పది రోజుల్లో వెనకంతా పసుపు రంగుకి మారి తర్వాత గోధుమ రంగుకి తిరిగింది. ఏం మందు అని ఫోన్ చేసి అడిగితే డబ్బా పేరు కూడా చెప్పలేకపోయినాడు. ఆ సెప్టెంబర్‌లో కొత్త సాడ్, అంటే వేర్లతో సహా వచ్చే గడ్డి చాపలు, తెచ్చి పరిపించినాం, ఆ ఖర్చు తల్చుకుంటే ఇప్పటికీ బాధే.

కాబట్టి గడ్డి కోసే మనిషి వేరు, మందు కొట్టే మనిషి వేరు అని గుర్తు పెట్టుకోండి. టెక్సస్‌లో ఉత్తగా కోసేదానికి లైసెన్స్ అక్కర్లేదు, కానీ డబ్బులు తీసుకొని మందు కొట్టేవాళ్ళకి టెక్సస్ డిపార్ట్‌మెంట్ ఆఫ్ అగ్రికల్చర్ లైసెన్స్ ఉండాల, స్ప్రింక్లర్ కొత్తగా వేసేవాళ్ళకీ రిపేరు చేసేవాళ్ళకీ టీసీఈక్యూ (టెక్సస్ పర్యావరణ శాఖ) లైసెన్స్ ఉండాల. నంబర్ అడగండి, అడిగినందుకు మంచి పనివాడు ఎవరూ కోపం తెచ్చుకోరు. ఇన్సూరెన్స్ ఉందా అని కూడా అడగండి, మిషన్ కింద నుంచి రాయి ఎగిరి పక్కింటి కిటికీ పగిలితే అప్పుడు తెలుస్తుంది దాని విలువ. సీజన్ మొత్తానికి అడ్వాన్స్ ఇవ్వొద్దు, పని చూసి ఇవ్వండి. బిల్లులో 8.25 శాతం దాకా సేల్స్ టాక్స్ కనిపిస్తే మోసం అనుకోవద్దు, టెక్సస్‌లో లాన్ పనికి టాక్స్ ఉంది.

కోసే అతనితో మాట్లాడేటప్పుడు ఎంత రేటు అని ఒక్కటే అడిగి వదిలేయొద్దు. అంచులు కట్ చేయడం, దారి మీద పడిన తుక్కు ఊదడం అందులోనే కలిసిందా, ఎన్ని రోజులకి వస్తాడు, బ్లేడు పదును పెడతాడా, ఇవి అడగండి. మొండి బ్లేడుతో కోస్తే ఆకు చివర చీలికలైపోయి రెండో రోజుకి లాన్ మొత్తం తెల్లగా కనిపిస్తుంది, వంగి చూస్తే తెలుస్తుంది. ఒకసారికి గడ్డి ఎత్తులో మూడో వంతు కంటే ఎక్కువ కోయకూడదు, జూన్‌లో బెర్ముడా ఎంత స్పీడుగా పెరుగుతుందంటే రెండు వారాలకొకసారి వచ్చే మనిషి అయితే పచ్చ ఆకంతా పోయి కింద కాడలే మిగులుతాయి, జూన్ నుంచి మూడు నెలలూ వారానికొకసారి పెట్టుకోండి. కోసిన తుక్కు అక్కడే వదిలేయమనండి, అదే ఎరువు. వాన పడిన మర్నాడు మాత్రం రావద్దనండి, డాలస్‌ది జిగట నేల, చక్రాల గుంతలు పడిపోతాయి.

ఆ జిగట నేలకి నీళ్ళు కట్టడం కూడా వేరే పద్ధతి. 20 నిమిషాలు ఒకేసారి పెడితే సగం రోడ్డు మీదకి పోతుంది. 6, 7 నిమిషాలు పెట్టి గంట ఆపి మళ్ళీ పెట్టండి, తెల్లవారుజామున. వానతో కలుపుకొని వారానికి ఒక అంగుళం చాలు, నాలుగైదు ఖాళీ టిన్ డబ్బాలు లాన్‌లో అక్కడక్కడ పెట్టి కొలిస్తే ఏ మూలకి తక్కువ పడతా ఉందో బయటపడుతుంది. డాలస్ సిటీలో వారానికి రెండు రోజులే అనుమతి, ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా పొద్దున 10 నుంచి సాయంత్రం 6 మధ్య స్ప్రింక్లర్ పెట్టకూడదు, మీ ఊరి రూలు సిటీ సైట్‌లో చూసుకోండి.

మంచు పడినాక బెర్ముడా ఎండు గడ్డి రంగుకి వస్తుంది, కొత్తవాళ్ళు చచ్చిపోయింది అనుకొని యూరియా కొంటారు. దయచేసి వెయ్యొద్దు, అది నిద్రలో ఉంది. ఏప్రిల్‌లో బాగా పచ్చబడినాకే ఎరువు. ఫిబ్రవరి చివర్లో, నేల వేడి 55 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి వచ్చేలోపల, కలుపు విత్తనం మొలవకుండా ఆపే ప్రీ ఎమర్జెంట్ అనే మందు పడాల, అది పడినాక నీళ్ళు పెట్టాల. చలికాలం కలుపుకి సెప్టెంబర్‌లో ఇంకోసారి. తుంగ వస్తే మాత్రం చేత్తో పీకి సంతోషపడొద్దు, మన చేన్లలో తుంగ ఎట్లాంటిదో అక్కడా అట్లాంటిదే, కింద గడ్డలు తెగి లోపలే ఉండిపోయి ఒకటికి నాలుగు లేస్తాయి, దానికి వేరే మందుంది.

ఇంకో మాట, అమ్మావాళ్ళు వచ్చి గోంగూర, తోటకూర వేసుంటే మందు కొట్టే అతనికి ఆ మడి ముందే చూపించండి, ప్రీ ఎమర్జెంట్ పడితే మన విత్తనం కూడా మొలవదు. మందు ఆరేదాకా పిల్లల్ని వదలొద్దు.

నేనైతే వెనక కంచె మూల నాలుగడుగుల జాగాకి తాడు కట్టి పెట్టినా, అక్కడ ఏ మందూ పడదు, మిషన్ కూడా పెట్టొద్దని కోసే అతనికి చెప్పినా. మొదట ఎందుకని అడిగినాడు, దేవుడి పూజకి అని చెప్తే అప్పట్నుంచి అతనే జాగ్రత్తగా చుట్టూ తిప్పుకొని పోతాడు. చవితి రోజు పొద్దున్నే మా పాప పోయి మూడాకుల చివుళ్ళు చూసి చూసి కోసుకొస్తుంది, కాణిపాకం స్వామి పటం ముందర పెట్టేది ఆ గరికే.