తూకమా, కొలతా?

ప్రశ్న: మేం టెక్సస్‌లో ఉంటాం. .45 కోల్ట్ రివాల్వర్ తూటాల్లో నల్ల తుపాకీమందు బదులు పైరోడెక్స్ అనే మందు నింపాలనుకుంటున్నాను. తూకం వెయ్యాలా, కొలపాత్రతో కొలవాలా?

జవాబు: కొలవండి బాబూ. పైరోడెక్స్ నల్ల తుపాకీమందు కంటే తేలిక. నల్ల తుపాకీమందు తూకమే దీనికీ వేస్తే మందు ఎక్కువ పడిపోతుంది. ఎంత పొయ్యాలో తయారీదారు పట్టికలో చూడండి. గుండుకీ మందుకీ మధ్య ఖాళీ ఉండకూడదు. ఇప్పటి తూటాల్లో వాడే పొగలేని మందు మాత్రం ఈ కొలతతో ఎప్పుడూ పొయ్యకండి, రివాల్వర్ పేలిపోతుంది.

1873లో ఈ తూటా పుట్టిందే నల్ల తుపాకీమందుతో. అసలు తలనొప్పి కడగడం. పైరోడెక్స్‌లో పెర్‌క్లోరేట్ అనే రసాయనం ఉంటుంది, కాలాక మిగిలే ఉప్పు ఇనుముని తినేస్తుంది. ఓసారి పెళ్లి భోజనానికి టైమవుతోందని రివాల్వర్ అలాగే వదిలేసి వెళ్లాను. తెల్లారేసరికి సిలిండర్ నిండా ఎర్రటి తుప్పు! ఇప్పుడు ఆ సాయంత్రమే వేడి సబ్బునీళ్లతో కడిగి, ఆరబెట్టి, నూనె రాస్తాను. ఇత్తడి తూటా గొట్టాల్నీ అలాగే కడిగి ఆరబెడతాను, నూనె మాత్రం రాయను.